బర్సీ (సంవత్సరీకం) దాటినా తగ్గని దుఃఖం

విదేశాల్లోని హిందీవాళ్లలో దీర్ఘ శోకాన్ని అంచనా వేసేటప్పుడు ప్రశ్నల్ని మాటకు మాట అనువదించకండి, దయచేసి. మనసు మొద్దుబారిందా అని అడగడానికి ‘సున్న్’ అన్నామంటే పెద్దవాళ్లు చేతుల తిమ్మిరి గురించి చెప్పేస్తారు. ‘మన్ నహీ లగ్తా’ (దేనిమీదా మనసు నిలవట్లేదు) అన్నారా, అక్కడే ఆగండి: ఎప్పట్నుంచి? రోజూనా?

దీర్ఘ శోకాన్ని కొలిచే ప్రశ్నావళి పీజీ-13-ఆర్‌లో 10 లక్షణాలకు ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 30, ఆపైన వస్తే లోతుగా చూడాలి. పెద్దవాళ్లకైతే అమెరికా మానసిక వైద్యుల రోగ నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం ప్రకారం మనిషి పోయి 12 నెలలు నిండాలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11కి 6 నెలలు చాలు. బర్సీ దగ్గరపడితే బాధ ఎలాగూ పొంగుతుంది, ఆ వారం కొలవకపోవడమే మేలు.

కొడుకుని దుబాసీగా కూర్చోబెట్టొద్దు. అతని ముందు తల్లి ఏడుపు మింగేస్తుంది, అతనూ సగమే చెబుతాడు.

వీసా దొరక్క అంత్యక్రియల్ని వీడియో కాల్‌లో చూశారేమో కూడా అడగండి. ఫారంలో దానికి గడి లేదు, పక్కన చేత్తో రాసుకోవాలి.