నొప్పి మాత్రతో షుగర్ పడిపోయిన రాత్రి

డిస్క్ జారి నడుము పట్టేసినప్పుడు నాకు ట్రమడాల్ 50 మి.గ్రా. రోజుకు మూడుసార్లు రాశారు. షుగర్‌కి అప్పటికే గ్లిమిపిరైడ్ 2 మి.గ్రా., మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ నడుస్తున్నాయి. మూడో రాత్రి ఒళ్లంతా చెమటలు, వణుకు. ఇక్కడే మోసపోతాం: ట్రమడాల్‌కి మామూలుగానే చెమట పడుతుంది, తల తిరుగుతుంది. మాత్ర వల్లేలే అని పడుకోకుండా వేలు గుచ్చి చూస్తే షుగర్ 48.

ట్రమడాల్ ఓపియాయిడ్, అంటే నల్లమందు కోవకు చెందిన నొప్పి మందు. అది అతుక్కుని పనిచేసే చోట్లు, అంటే ఓపియాయిడ్ రిసెప్టర్లు, మెదడులో, వెన్నుపాములోనే కాదు, ఇన్సులిన్ వదిలే బీటా కణాల మీదా ఉంటాయి. ప్రయోగాల్లో మోతాదును బట్టి ఇన్సులిన్ ఒకచోట పెరిగింది, ఇంకోచోట తగ్గింది. కాబట్టి ట్రమడాల్ నేరుగా ఇన్సులిన్ పెంచేస్తుందని తేల్చి చెప్పడం నాకిష్టం లేదు. ఎలుకల్లో మాత్రం ట్రమడాల్ ఇచ్చాక మ్యూ రిసెప్టర్ (ఆ రిసెప్టర్లలో ఒక రకం) ద్వారా కాలేయం గ్లూకోజ్ తయారీ తగ్గించింది, కండరాలు ఎక్కువ వాడుకున్నాయి. గ్లిమిపిరైడ్ సంగతి వేరు: బీటా కణంలో పొటాషియం దారి మూస్తుంది, కాల్షియం లోపలికొస్తుంది, ఇన్సులిన్ బయటికొస్తుంది. రక్తంలో గ్లూకోజ్ తక్కువున్నా అది ఆగదు. పైగా నొప్పికి రాత్రి నేను సరిగా తినలేదు.

షుగర్ 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, అంటే సుమారు మూడు టీ చెంచాలు, నీళ్లలో కలిపి తాగాలి. వోగ్లిబోస్ వాడేవాళ్లకి పంచదార సరిగా పనిచేయదు, పేగుల్లో దాన్ని విడగొట్టే ఎంజైమ్‌నే ఆ మందు ఆపుతుంది. లడ్డూ వద్దు, నెయ్యి వల్ల ఆలస్యమవుతుంది. 15 నిమిషాలాగి, చెయ్యి కడుక్కుని మళ్లీ చూడాలి. వేలికి పొడి అంటుకుంటే మీటర్ ఎక్కువ చూపిస్తుంది. నాకు 61 వచ్చింది, రెండోసారి తాగాక 96. ఆ తర్వాత రెండు ఇడ్లీలు తిన్నాను, ఎందుకంటే గ్లిమిపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది, షుగర్ మళ్లీ పడుతుంది. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

పొద్దున్నే డాక్టరుగారు ట్రమడాల్ ఆపి పారాసెటమాల్ ఇచ్చారు, గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా. చేశారు, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూశారు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లలో ట్రమడాల్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. నేను వాడింది మూడు రోజులే కాబట్టి ఒక్కసారిగా ఆపగలిగారు. వారాల తరబడి వాడినవాళ్లు మెల్లగా తగ్గించుకోవాలి. వారం పాటు రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని చూసుకున్నాను. నాలుగో రాత్రి నుంచి షుగర్ వంద కన్నా కిందికి దిగలేదు.