పిడికెడు బియ్యం, 122వ కీర్తన

బైబిల్లో 122వ కీర్తన 6వ వచనం చాలామందికి కంఠస్థమే: "యెరూషలేముయొక్క క్షేమముకొరకు ప్రార్థన చేయుడి." ఉపవాస కూటాల్లో సంఘక్షేమం కోసం మోకరించేటప్పుడు చదివేదీ అదే. కీర్తన మాత్రం అక్కడ ఆగలేదు. చివరి వచనం "నీకు మేలుచేయ ప్రయత్నించెదను" అంటుంది. ప్రార్థన చేసి లేచిన మనిషి తన చేతులకు పని చెప్పుకుంటున్నాడు.

మన సీమ పల్లె సంఘాల్లో ఆ పనికి ముందుండేది ఆడవాళ్ల పిడికెడు బియ్యం. ఎసట్లోకి బియ్యం కొలిచాక, కడగకముందే, ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. కొలిచినదాంట్లోంచే తీయాలి, సంచిలోంచి అదనంగా కాదు. ఇంటివాళ్ల ముద్దలోంచి తగ్గిందే కానుక. వేసేటప్పుడు సంఘంలో ఒక ఇంటి పేరు చెప్పి ప్రార్థించాలి. పిడికిట్లో సుమారు 40 గ్రాములు పడతాయి. రోజుకు రెండు పూటలైతే వారానికి అరకిలో పైమాటే. 40 ఇళ్లుంటే ఆదివారానికి 22 కిలోలు.

ఇది ఎక్కడ చెడుతుందంటే, శనివారం రాత్రి గుర్తొచ్చి వారం బాకీ అంతా గ్లాసుతో ఒక్కసారే పోసేయడంలో. తూకం సరిపోతుంది కానీ 14 ప్రార్థనలు పోతాయి. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘంవారికి కానుక సొమ్ము "ప్రతి ఆదివారమున" దాచుకోమన్నది, తాను వచ్చాక హడావుడిగా పోగుచేయవద్దనే కదా. తడిచేత్తో తీస్తే బియ్యం ముక్కిపోయి పురుగు పడుతుంది. చెయ్యి తుడుచుకుని తీయాలి, డబ్బాలో బాగా ఎండిన వేపాకు నాలుగు రెబ్బలు వేయాలి. గుడిలో కర్నూలు సోనా, రేషన్ బియ్యం ఒకే గోతంలో కలిపితే ఒకటి మెత్తబడేసరికి ఇంకోటి పలుకుగానే ఉంటుంది. రెండు గోతాలు పెట్టండి. సోనా వేలం వేయొచ్చు, రేషన్ బియ్యం మాత్రం అమ్మకుండా ప్రేమవిందుకు, అంటే సంఘమంతా కలిసి తినే భోజనానికి, వండాలి. రేషన్ బియ్యం తెచ్చినామె ముందు ఎవరూ ముఖం చిట్లించకూడదు. ఆమె తాను తినేదే తెచ్చింది.

కానుక డబ్బు సంగతికొస్తే, 2 రాజులు 12వ అధ్యాయం ప్రతి సంఘపెద్దా చదవాలి. యూదా రాజు యోవాషు ఏలుబడి 23వ ఏటికి కూడా యెరూషలేము మందిరం బీటలు అలాగే ఉన్నాయి. డబ్బు వస్తూనే ఉంది, మరమ్మతు మాత్రం జరగలేదు. అప్పుడు యాజకుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం చేసి, బలిపీఠం దగ్గర పెట్టించాడు. అది నిండితే రాజు లేఖికుడూ ప్రధాన యాజకుడూ కలిసి లెక్కపెట్టారు. ఒకరు రాజు మనిషి, ఒకరు మందిరం మనిషి. మనమూ అంతే చేయాలి. ఆరాధన ముగియగానే, గుడిలోనే, ఒకే ఇంటివాళ్లు కాని ఇద్దరు లెక్కపెట్టి, పుస్తకంలో సంతకాలు చేసి, మరుసటి ఆదివారం బయటికి చదవాలి. చదవని లెక్క మీదే గుసగుసలు మొదలవుతాయి, ఆ గుసగుసలే సంఘాన్ని చీలుస్తాయి.

ఇక మన కీర్తనలో 8వ వచనం, "నా సహోదరుల నిమిత్తము". కోసిగి, మంత్రాలయం వైపు సంఘాలకు ఈ మాట బాగా తగులుతుంది. గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాల వల్ల ఆ నెలల్లో గుడిలో సగం చాపలు పరవరు. "సుగ్గికి పోయిన బిడ్డల్ని కాపాడు ప్రభువా" అని గంపగుత్తగా ప్రార్థిస్తే చాలదు. బయలుదేరే ముందు ఆదివారమే ఏ ఇల్లు ఏ ఊరికి పోతోంది, ఫోన్ నంబరేమిటి, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలారు అన్నది రాసుకోవాలి. ఆ కాగితం చూసి పేరుపేరునా ప్రార్థించాలి, వారానికోసారి ఫోన్ చేయాలి.

ఊళ్లో మిగిలే అవ్వాతాతలకు బియ్యం అవసరం ఆ నెలల్లోనే ఎక్కువ. తాళాలు పడిన ఇళ్ల నుంచి పిడికెడు బియ్యం రాదు కాబట్టి గోతం అడుగంటేదీ అప్పుడే. అందుకే కోతకాల పండుగకు వచ్చిన బియ్యంలో ఒక మూట వేలం వేయకుండా, మూతి కుట్టి, నేల తేమ తగలకుండా చెక్క పలక మీద పెట్టి ఉంచాలి.