మొదటిసారి గామన్ వండాను

మాంచెస్టర్‌లో ఇది మా ఆరో క్రిస్మస్. గామన్ ఈసారి నేనే వండాను. ఉప్పులో ఊరిన పంది తొడ మాంసం అది, కానీ పచ్చిదే. ఉడికాకే హామ్ అంటారు.

రెండు కిలోల ముక్కని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున మిరియాలు, ఉల్లిపాయ వేసి సన్నసెగ మీద గంటా నలభై నిమిషాలు ఉడికించాను. తోలు ఒలిస్తే కింద తెల్లటి కొవ్వు. దానిమీద డైమండ్ గాట్లు పెట్టి, గీతలు కలిసేచోటల్లా లవంగం గుచ్చుతుంటే సంక్రాంతి ముగ్గుకి అమ్మ చుక్కలు పెట్టడం గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

పైన పూతకి ఆవాల ముద్ద, తేనె, డెమెరారా అనే గోధుమరంగు చక్కెర బదులు మన బెల్లం. 200 డిగ్రీల ఒవెన్‌లో అరగంట. అంచులు కరకరలాడుతూ, పైన పాకం మెరుస్తూ వచ్చింది. ఎంత సంతోషమేసిందో! పక్కింటి పెద్దావిడ రెండోసారి అడిగి వేయించుకున్నారు.