డైలాగ్ మూసినా మెమరీ వదల్లేదు: నా అనుభవం

మాది గోదాముల్లో సరుకు లెక్కలు చూసే డెస్క్‌టాప్ అప్లికేషన్. జావా 8, స్వింగ్ (విండోలు, బటన్లు చూపించే జావా లైబ్రరీ), హీప్ (ప్రోగ్రామ్ తన వస్తువులు పెట్టుకునే మెమరీ) 512 ఎంబీ. పొద్దున తెరిస్తే మధ్యాహ్నానికి అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్‌తో పడిపోయేది. మూడు వారాలు దీంతోనే సరిపోయింది. నిన్న సాయంత్రం తేలింది.

మొదటి తప్పు తేలిగ్గానే దొరికింది. జేడైలాగ్‌ని, అంటే స్వింగ్‌లోని చిన్న విండోని, ఎక్స్ నొక్కి మూస్తే అది మామూలుగా దాక్కుంటుందే తప్ప పోదు. మూసినప్పుడు ఏం జరగాలో చెప్పే క్లోజ్ ఆపరేషన్‌ని డిస్పోజ్‌కి, అంటే విండోని తీసేయడానికి, మార్చాను. అప్పటికీ మెమరీ తగ్గలేదు.

ఇక్కడే నా పరువు పోయింది. క్లయింట్ కాల్‌లో మా సీనియర్, ఆయనా మన తెలుగాయనే, అందరి ముందూ "జావాలో లీకులేంటమ్మా? గార్బేజ్ కలెక్టర్ ఉంది కదా. నువ్వు బేసిక్స్ చదువుకో" అన్నాడు. లీకంటే పని అయిపోయినా మెమరీ వెనక్కి రాకపోవడం; గార్బేజ్ కలెక్టర్ (జీసీ) అంటే ఎవరూ వాడని వస్తువుల్ని మెమరీలోంచి తనే తీసేసే జావా భాగం. నాకు నోట మాట రాలేదు. ఆయన మాట పట్టుకుని డైలాగ్ మూసిన ప్రతిసారీ సిస్టమ్ జీసీ పిలిచాను, అంటే కలెక్టర్‌ని ఇప్పుడే నడవమని కోడ్‌లోంచి అడిగాను. మెమరీ తగ్గకపోగా స్క్రీన్ ఆగి ఆగి కదిలేది. చివరికి రెండు గంటలకోసారి ప్రోగ్రామ్ మూసి తెరవమని గోదాము వాళ్లకు మెయిల్ పెట్టించారు, అదీ నా పేరు మీద. ఆ రాత్రి బెంగళూరు మారతహళ్లి పీజీలో నిద్ర పట్టలేదు.

రూమ్‌మేట్ కర్నూలు అక్క ఒక్కటే అడిగింది: "హీప్ డంప్ తీశావా?" అంటే ఆ క్షణంలో హీప్‌లో ఉన్నదంతా ఫైల్‌గా దించుకోవడం. తీయలేదు. మర్నాడు జావాతో వచ్చే జేమ్యాప్ టూల్‌తో లైవ్ హిస్టోగ్రామ్, అంటే ఏ రకం వస్తువులు ఎన్ని ఉన్నాయో లెక్క, తీశాను. అది ముందు పూర్తి జీసీ చేయించి, ఆ తర్వాతే లెక్క ఇస్తుంది. తెర మీద ఉన్నది ఒక్క డైలాగ్, మెమరీలో 143. అప్పుడు డంప్ కూడా తీసి, దాన్ని చదివే ఎక్లిప్స్ మెమరీ ఎనలైజర్‌లో తెరిచి, ఒక డైలాగ్ మీద పాత్ టు జీసీ రూట్స్ అడిగాను, అంటే కలెక్టర్ ఎప్పుడూ తీయని మొదళ్ల (రూట్ల) నుంచి దాన్ని ఎవరు పట్టుకున్నారో చూపే దారి; కలెక్టర్‌ని గట్టిగా ఆపని వీక్, సాఫ్ట్ రిఫరెన్సులు వదిలేసి. దారి మొత్తం కనబడింది. టేబుల్‌లో చూపే డేటాని ఉంచే టేబుల్ మోడల్ ఒకటి, ప్రోగ్రామ్ నడిచినంతసేపూ ఉండే స్టాటిక్ రకం. ప్రతి డైలాగ్‌లోని జేటేబుల్ (తెర మీద కనిపించే టేబుల్) దానికి తనే లిజనర్‌గా, అంటే మార్పులు వినేదానిగా, చేరుతుంది. మోడల్ టేబుల్‌ని పట్టుకుంది, టేబుల్ తనని ఉంచుకున్న పేరెంట్‌ని, పేరెంట్ దాని పేరెంట్‌ని, అలా డైలాగ్ దాకా. రూట్ నుంచి ఇలా పట్టు ఉన్నంతకాలం కలెక్టర్ దేన్నీ తీయదు. డిస్పోజ్ చేస్తే విండో వనరులు పోతాయి కానీ ఈ పట్టు వదలదు.

విండో మూసుకున్నాక నడిచే విండోక్లోజ్డ్‌లో టేబుల్‌కి కొత్త ఖాళీ మోడల్ పెట్టాను. అలా మోడల్ మార్చే సెట్‌మోడల్ పాత మోడల్ నుంచి లిజనర్‌ని తనే తీసేస్తుంది. అదే డైలాగ్‌లో సెకనుకోసారి మోగే స్వింగ్ టైమర్ కూడా ఉంది. దాన్నీ అక్కడే ఆపాను, ఆపకపోతే నడిచే టైమర్ కూడా డైలాగ్‌ని వదలదు. ఈవెంట్ వినేవన్నీ ఇలాంటివే: ఎక్కడ చేర్చారో అక్కడే తీసే లైను కూడా రాయండి. అన్ని వేరియబుళ్లకూ నల్ (ఏమీ లేదు అనే విలువ) పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, ముందు డంప్ అడగండి. డంప్ చూడకుండా జూనియర్‌ని నలుగురిలో మాట అనేవాళ్లకు సీనియర్ అనే పేరు తగదు, ఇది కోపంతోనే అంటున్నాను.

యాభైసార్లు తెరిచి మూసి మళ్లీ హిస్టోగ్రామ్ తీశాను. ఒక్కటంటే ఒక్కటే డైలాగ్. ఆ మోడల్‌నే వాడే స్క్రీన్లు ఇంకా ఆరున్నాయి, సోమవారం వాటి పని పడతాను. రీస్టార్ట్ అక్కర్లేదన్న మెయిల్ మాత్రం ఈసారి నేనే పంపాను, డంప్ ఫొటో జత చేసి, సీనియర్‌ని సీసీలో పెట్టి.