చెవి లోపలి ఎముక చెప్పిన పెళ్లి సంగతులు

మనిషి ఒంట్లో అన్నిటికన్నా గట్టి ఎముక ఏదని అడిగితే చాలామంది తొడ ఎముక అంటారు. చెవి డాక్టర్లు మాత్రం పెట్రస్ ఎముక అంటారు. లోపలి చెవిని తనలో దాచుకుని, పుర్రె అడుగున, మెదడుకు కిందగా ఒదిగి ఉండే ఎముక అది. అంత దట్టమైన ఎముక శరీరంలో మరొకటి లేదు. పీజీ చదివే రోజుల్లో, ఇక్కడే హైదరాబాదులో, శవాల నుంచి తీసిన కణత ఎముకల మీద మేము డ్రిల్లింగ్ నేర్చుకున్నాం. చెవి వెనుక భాగమంతా గాలి గదులతో గుల్లగా ఉంటుంది. డ్రిల్లు కొన, అంటే బర్, ఆనిస్తే చాలు, పొడిపొడిగా రాలిపోతుంది. ఇంకాస్త లోపలికి వెళ్లి, శబ్దాన్ని గ్రహించే నత్తగుల్ల ఆకారపు కాక్లియా దరిదాపులకు చేరగానే చప్పుడు మారిపోతుంది. అప్పటిదాకా మెత్తగా కరకరలాడిన బర్ ఒక్కసారిగా కీచుమంటుంది. గదికి అవతలి వైపున వేరే విద్యార్థితో మాట్లాడుతున్న మా సారు ఆ చప్పుడు విని, తల తిప్పకుండానే "చాలు, ఆపు" అనేవారు.

ఈ ఎముక సంగతి 2014, 2015 ప్రాంతంలో ప్రాచీన డీఎన్‌ఏ పరిశోధకుల దృష్టిలో పడింది. అంతకుముందు వాళ్లు పళ్లూ తొడ ఎముకలూ పొడి చేసి వెతికేవారు. చాలాసార్లు దొరికేది మట్టిలోని బాక్టీరియా డీఎన్‌ఏనే. డబ్లిన్‌లో రాన్ పిన్‌హాసీ బృందం చేసిన పరీక్షల్లో, కాక్లియాను చుట్టుకుని ఉన్న ఆ గట్టి పొరలో మనిషి డీఎన్‌ఏ మిగతా చోట్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా నిలిచి ఉంటుందని తేలింది. ఎందుకు నిలుస్తుందో చెవి డాక్టరుకు ఊహించడం కష్టం కాదు. మన మిగతా ఎముకలు జీవితాంతం అరిగి, కరిగి, మళ్లీ కట్టుకుంటూ ఉంటాయి. లోపలి చెవి చుట్టూ ఉన్న ఎముక మాత్రం తల్లి కడుపులో ఏర్పడి, పసితనంలోనే గట్టిపడి, ఆ తరువాత దాదాపుగా మారదు. నీరు, సూక్ష్మజీవులు అందులోకి చొరబడటం కష్టం.

అలా తీసిన డీఎన్‌ఏ కూడా నిండుగా ఏమీ ఉండదు. అన్నీ చిన్న చిన్న ముక్కలు, ఒక్కొక్కటి నూరు అక్షరాలు కూడా ఉండదు. ముక్కల చివర్లలో సైటోసిన్ అనే అక్షరం చెడిపోయి, చదివేటప్పుడు థైమిన్‌గా కనిపిస్తుంది. ఈ పాడైన గుర్తే అది పాతదని సాక్ష్యం. తాకినవారి చర్మం నుంచో, మాట్లాడినవారి తుంపర నుంచో అంటుకున్న కొత్త డీఎన్‌ఏకి ఆ గుర్తు ఉండదు. అందుకే ఈ పని జరిగే గదుల్లో తల నుంచి కాలి వరకు ముసుగు వేసుకుంటారు, బల్లలను బ్లీచుతో తుడుస్తారు, అతినీలలోహిత దీపాలు వెలిగిస్తారు. మా తార్నాక నుంచి ఉప్పల్ వైపు పోతుంటే కనిపించే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో కూడా ఇలాంటి ప్రయోగశాల ఉంది. హిమాలయాల్లోని రూప్‌కుండ్ సరస్సు దగ్గరి అస్థిపంజరాల గుట్టు విప్పి 2019లో ప్రచురించిన పరిశోధనలో వారి భాగం పెద్దది.

ఇంత శ్రమపడి తెలుసుకున్న సంగతుల్లో నన్ను ఎక్కువగా పట్టుకున్నది రష్యాలోని సున్‌గిర్. మాస్కోకు తూర్పున, వ్లదీమిర్ పట్టణం దగ్గర, సుమారు 34,000 ఏళ్ల నాటి సమాధులు అక్కడ బయటపడ్డాయి. మంచుయుగపు వేటగాళ్లు వారు. ఒకే గోతిలో ఇద్దరు పిల్లలను తలకు తల ఆనించి, వరుసగా పడుకోబెట్టారు. పక్కన మామూత్ అనే మంచుయుగపు ఏనుగు దంతంతో చేసిన ఈటెలు పెట్టారు. ఒంటి నిండా దంతపు పూసలు, వేలల్లో. ఒక్కో పూసనూ రాతి పనిముట్టుతో కోసి, అరగదీసి, బెజ్జం వేయాలి. ఎన్ని చేతులు ఎన్ని రోజులు పనిచేస్తే అన్ని పూసలు తయారవుతాయో ఊహించండి. ఇంత ప్రేమగా, ఇంత దగ్గరగా పడుకోబెట్టిన పిల్లలు తోబుట్టువులే అయి ఉంటారని ఎవరైనా అనుకుంటారు.

2017లో వారి జన్యుక్రమం చదివారు. ఇద్దరూ మగపిల్లలే, కానీ అన్నదమ్ములు కారు. చిన్నాన్న, పెదనాన్న పిల్లలు కూడా కారు. అదే చోట దొరికిన మిగతావారితోనూ వారికి దగ్గరి రక్తసంబంధం లేదు. ఇంకో విశేషం ఉంది. ఎవరి తల్లిదండ్రులైనా దగ్గరి చుట్టాలైతే, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చిన క్రోమోజోములు పొడవైన భాగాల్లో అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటాయి. సున్‌గిర్ వాసుల్లో అలాంటి పొడవైన భాగాలు లేవు. చుట్టూ మంచు, మనుషులు కొద్దిమంది, నడిస్తే తప్ప పక్క గుంపు కనిపించదు. అయినా దగ్గరివారిని వదిలి దూరం నుంచి సంబంధాలు కలుపుకున్నారు. గుంపుల మధ్య రాకపోకలు, ఇచ్చిపుచ్చుకోవడాలు, ఎవరిని ఎవరికి ఇవ్వాలన్న కట్టుబాట్లు ఉంటే తప్ప ఇది తరతరాలుగా సాగదు.

దీనికి ఎదురుగా మరొక ఎముక ఉంది. సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన ఒక నియాండర్తాల్ స్త్రీ కాలివేలి ఎముక. నియాండర్తాల్‌లు అంటే అంతరించిపోయిన మరో రకం మనుషులు. 2014లో ఆమె జన్యుక్రమం వచ్చింది. ఆమె తల్లిదండ్రులు ఎంత దగ్గరివారంటే, మేనమామ - మేనకోడలు కావచ్చు, ఒకే తల్లికో తండ్రికో పుట్టిన సవతి తోబుట్టువులు కావచ్చు. లెక్క రెండింటికీ ఒక్కటే, బిడ్డ జన్యుక్రమంలో సుమారు ఎనిమిదింట ఒక వంతు రెండు వైపుల నుంచీ ఒకేలా వస్తుంది.

ఆ "ఎనిమిదింట ఒక వంతు" నాకు పాత పరిచయం. పోయిన వర్షాకాలంలో రెండున్నరేళ్ల పాపను తీసుకుని ఒక కుటుంబం వచ్చింది. పిలిస్తే పలకడం లేదట. తలుపు ధడేలున వేసినా ఉలిక్కిపడదట. పాపను నిద్రపుచ్చి, నుదుటి మీద, చెవుల వెనుక తీగలు అంటించి బెరా పరీక్ష చేయించాం. వినికిడి ఉన్న పిల్లలకు టిక్ టిక్ శబ్దం వినిపించినప్పుడల్లా తెర మీద ఐదారు చిన్న అలలు లేస్తాయి. ఈ పాపకు శబ్దం ఎంత పెంచినా గీత గీతగానే ఉండిపోయింది. తల్లి ఆ తెర వైపు చూడలేదు, నా ముఖం వైపు చూస్తూ కూర్చుంది. వివరాలు రాసుకుంటుంటే తెలిసింది, ఆమెను సొంత మేనమామకే ఇచ్చి చేశారు. కోడలి చెయ్యి పట్టుకుని కూర్చున్న పెద్దావిడ, అంటే పాపకు నాయనమ్మా, ఆ తల్లికి స్వయానా అమ్మమ్మా, నాతో ఇలా అన్నది:

"పూర్వం నుంచి వస్తున్నదే కదా డాక్టరమ్మా. బయటివాళ్లయితే పిల్లను ఎలా చూసుకుంటారో అని మా అబ్బాయికే చేసుకున్నాం."

పుట్టు చెవుడుకు మేనరికం ఒక్కటే కారణం కాదు. ఏ బంధుత్వమూ లేని దంపతులకూ ఇలాంటి పిల్లలు పుడతారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపమున్న జన్యువు వస్తే బిడ్డకు వినికిడి పోయే రకాలు చాలా ఉన్నాయి, ఇద్దరూ ఒకే ఇంటివారైతే ఆ అవకాశం పెరుగుతుంది, అంతే. ఆ పెద్దావిడ మాటలో ఉన్న ప్రేమను నేను తప్పు పట్టలేను. కానీ మన దక్షిణాదిలో మేనరికాలకు ఎంత పాత ఆధారం చూపాలన్నా బౌధాయన ధర్మసూత్రం దాకా వెళ్తాం. దక్షిణాదివారు మేనమామ కూతురినీ, మేనత్త కూతురినీ పెళ్లాడతారని అందులో ఉంది. రెండు వేల ఏళ్లు దాటిన మాట అది, నిజమే. సున్‌గిర్ నాటి 34,000 ఏళ్లతో పోలిస్తే అది నిన్నటి సంగతి. 2021లో వచ్చిన ఒక పరిశోధన గడచిన 45,000 ఏళ్లలో బతికిన 1,785 మంది ప్రాచీన మానవుల జన్యువులను ఇదే కోణం నుంచి పరిశీలించింది. సొంత మేనబావ, మేనమరదలు అంత దగ్గరివారికి లేదా అంతకన్నా దగ్గరివారికి పుట్టినట్టు తేలినవారు 54 మంది, అంటే నూటికి ముగ్గురు. వేటగాళ్ల గుంపులు చిన్నవి కాబట్టి, ఎప్పుడో దూరపు తరాల్లో కలిసిన పూర్వీకుల జాడ చిన్న చిన్న భాగాలుగా వారిలో ఎక్కువే కనిపిస్తుంది. పొడవైన భాగాలు మాత్రం అరుదు.

వేటాడి, దుంపలు తవ్వుకుని బతికినవారిని మనం బడి పుస్తకాల్లో "ఆదిమానవుడు" అని ఒక బొమ్మ వేసి వదిలేశాం. ఆకులు కట్టుకుని, గద పట్టుకుని ఉంటాడు. ఆ బొమ్మను మార్చాల్సిన సమయం వచ్చిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. వాళ్లు ఒక్క జాతి కూడా కాదు. 2023లో 356 మంది ప్రాచీన వేటగాళ్ల జన్యువులను కలిపి చదివినప్పుడు, ఒకే రకం పనిముట్లు, ఒకే రకం కళ ఉన్న మంచుయుగపు ఐరోపాలోనే రెండు వేర్వేరు జనాలు బతికినట్టు తేలింది. అందులో ఒకరి జాడ ఆ తరువాత దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. స్పెయిన్‌లోని లా బ్రాన్యా గుహలో దొరికిన 7,000 ఏళ్ల నాటి వేటగాడికి నల్లని ఒళ్లు, నీలి కళ్లు ఉండి ఉంటాయని అతని జన్యువులు చెప్పాయి.

ఇక మన సంగతి. ఇక్కడ బతికిన తొలి వేటగాళ్లు ఎవరు? వారి పేరుతో పరిశోధనా పత్రాల్లో ఒక జనసముదాయం ఉంది కానీ, ఆ పేరు ఏ అస్థిపంజరం మీదా రాసింది కాదు. పప్పుచారు నోట్లో వేసుకుని చింతపండు ఎంత పడిందో చెప్పే వంటమనిషిలా, ఇప్పటి మన జన్యువుల నుంచి ఆ వేటగాళ్ల వాటా ఎంతో లెక్కగట్టారు. 2009లో సీసీఎంబీ నుంచి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికా నుంచి డేవిడ్ రైక్ కలిసి ప్రచురించిన పరిశోధన ఈ దారి తెరిచింది. హర్యానాలోని రాఖీగఢీలో 61 నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చే జన్యుక్రమం ఒకే ఒక్క స్త్రీ నుంచి వచ్చింది, 2019లో. సింధు నాగరికత కాలపు ఆ స్త్రీలో ఒక పాయ ఇరాన్ ప్రాంతపు పాతజనానికి దగ్గర. రెండో పాయ మన ఉపఖండపు వేటగాళ్లది, అండమాన్ ద్వీపవాసులకు చాలా దూరపు బంధువులైనవారిది.

ఆ రెండో పాయ ఈరోజు లేనివారు మనలో దాదాపుగా లేరు. నల్లమల చెంచులను చూపించి "అదిగో మన పూర్వీకులు" అనడం నాకు అందుకే నచ్చదు. చెంచులూ మనలాగే ఈ కాలపు మనుషులు, తెలుగు మాట్లాడేవారు, వారిలోనూ అనేక పాయలు కలిసి ఉన్నాయి. అమ్రాబాద్ అడవిలో ఉన్నవారిలో ఎంత నిజంగా ఉందో, అమీర్‌పేటలో అద్దెకు ఉంటున్నవారిలోనూ ఆ వేటగాళ్ల వారసత్వం అంతే నిజంగా ఉంది, పాళ్లే తేడా. సుమారు 4,200 ఏళ్ల క్రితం నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు ఇక్కడి జనాలు విస్తారంగా కలిశారు. ఆ తరువాత ఎవరి తలుపులు వారు మూసుకున్నారు. 2017లో దక్షిణాసియాకు చెందిన 263 సముదాయాలను చూస్తే, అందులో 81 సముదాయాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగినట్టు తేలింది. అందువల్ల మేనరికం లేకపోయినా "మనవాళ్లలోనే" అంటూ చేసే పెళ్లిళ్లలో ఒకే లోపం రెండు వైపుల నుంచీ ఎదురుపడుతుంది. పుట్టిన పిల్లలకు మొదటి నెలలోనే వినికిడి పరీక్ష చేయించండి అని నేను ప్రతి గర్భిణికీ చెప్పేది ఇందుకే. బెరాలో గీత కదలని ఆ పాపకు ఇప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టారు, మాటల శిక్షణకు వెళ్తోంది. ఇంకో ఏడాది ముందు తెలిసి ఉంటే ఆమెకు దారి ఇంకా సులువయ్యేది.

మన వేటగాళ్ల ఎముకలే నేరుగా మాట్లాడే రోజు రావాలని నా కోరిక. అడ్డు మన వాతావరణం. వేడి, తేమ, ఒక వానాకాలానికీ ఇంకో ఎండాకాలానికీ మధ్య నేల తడిసి ఆరడం, ఇవన్నీ డీఎన్‌ఏని త్వరగా నుగ్గు చేస్తాయి. అయినా ఆశ వదలనక్కరలేదు. 2018లో లావోస్, మలేసియా అడవుల వేటగాళ్ల ఎముకలు, 2021లో ఇండోనేసియాలోని సులవేసి దీవిలో దొరికిన 7,000 ఏళ్లు దాటిన యువతి పుర్రె, వేడి దేశాల్లోనూ ఇది సాధ్యమేనని చూపాయి. ఆ యువతి డీఎన్‌ఏ వచ్చింది కూడా పెట్రస్ ఎముక నుంచే. మన బనగానపల్లె దగ్గర జ్వాలాపురం రాతి గుహలో 35,000 ఏళ్ల కిందటి నుంచి మనుషులు చిన్న చిన్న రాతి పనిముట్లు చేసుకుంటూ బతికారు. అక్కడి తవ్వకాల్లో పూసలతో పాటు మనిషి పుర్రె ముక్కలు కూడా దొరికాయి. అలాంటి చోట్లు కర్నూలు, నంద్యాల గుహల్లో ఇంకా ఎన్ని ఉన్నాయో.

కాబట్టి క్వారీల్లో, పొలాల్లో, గుహల్లో తిరిగే మిత్రులు ఒక సాయం చేయాలి. పాత పుర్రె ఏదైనా కంట పడితే అక్కడే వదిలి పురావస్తు శాఖకు కబురు పెట్టండి. చేతిలోకి తీసుకుని ఫోటో దిగవద్దు, నీళ్లతో కడగవద్దు, బ్రష్షుతో రుద్దవద్దు, ఎండలో ఆరబెట్టవద్దు. ముఖ్యంగా చెవి రంధ్రంలో గడ్డకట్టిన మట్టిని పుల్లతో పొడిచి తీయవద్దు. బియ్యపుగింజంత ఉండే చెవి ఎముకలు మూడు ఆ మట్టిలోనే చిక్కుకుని ఉంటాయి. పెట్రస్ ఎముకను కోయకుండానే, ఆ మూడింటి నుంచి కూడా అంతే బాగా డీఎన్‌ఏ తీయవచ్చని ఇప్పటికే నిరూపించారు.