చల్లబడిన చేతులు

నాలుగు రోజులు ఒళ్లు కాల్చేసిన జ్వరం ఐదో రోజు సాయంత్రం దిగిపోయింది. డెంగీ అని అప్పటికే తేలింది. "గండం గడిచినట్టే, రేపు ఇంటికి వెళ్లిపోవచ్చు" అన్నారు డ్యూటీ డాక్టరు. మా అత్తగారు అక్కడే తిరుమల వైపు తిరిగి దండం పెట్టుకున్నారు.

ఆ రాత్రి రెండు గంటలకు కడుపులో నొప్పి మొదలైంది. ఎటు తిరిగి పడుకున్నా స్థిమితం లేదు. చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. "జ్వరం దిగితే ఒళ్లు చల్లబడదా తల్లీ" అంటూ అత్తగారు దుప్పటి కప్పారు. నేనూ అదే నమ్మాను.

పక్క మంచానికి సెలైన్ మార్చడానికి వచ్చిన సిస్టర్ నా వైపు చూసి ఆగింది. నా బొటనవేలి గోరు నొక్కి వదిలింది. తెల్లబడిన గోరుకు రంగు తిరిగి రావడం లేదు. మళ్లీ నొక్కింది. బీపీ పట్టీ చుట్టింది: పైది 96, కిందిది 78. "అక్కా, మూత్రానికి ఎప్పుడు వెళ్లారు?" మధ్యాహ్నం తర్వాత వెళ్లనే లేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఫోనులో డాక్టరు గారి మాట నాకూ వినిపించింది: "ప్లేట్‌లెట్లు 60 వేలు ఉన్నాయి కదమ్మా, పొద్దున చూద్దాం." ఆ "పొద్దున" అన్న మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆమె ఫోను పెట్టేయలేదు. "ప్లేట్‌లెట్ల సంగతి కాదు సార్, తేడా 18 మాత్రమే ఉంది, మీరు రావాలి." ఆయన వచ్చారు. వచ్చాక తెల్లవార్లూ నా దగ్గరే ఉన్నారు, ఆ మాటా చెప్పాలి.

డెంగీలో అసలు ప్రమాదం జ్వరం దిగే వేళే మొదలవుతుందట. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోయి రక్తం చిక్కబడుతుంది. పై బీపీకి, కింది బీపీకి తేడా 20కి పడిపోయిందంటే మనిషి షాక్‌లోకి, అంటే ఒంటికి రక్తం సరిగా అందని స్థితిలోకి, జారుతున్నట్టే. మేమేమో ఐదు రోజులూ ప్లేట్‌లెట్ల లెక్క చూసుకుంటూ, బొప్పాయి ఆకుల కోసం ఊరంతా తిరిగాం. మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు వచ్చినా, చేతులు చల్లబడినా ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి.

ఇంటికి వచ్చేముందు కేస్ షీటు అడిగి చూశాను. 2.15, 2.30, 2.45... తెల్లవారేదాకా ఒకే చేతిరాత. ఆ వార్డులో ఆ రాత్రి 34 మంచాలు, ఇద్దరు సిస్టర్లు. బిల్లులో డాక్టర్ల పేర్లన్నీ ఉన్నాయి. ఆమె పేరు ఎక్కడా లేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

ఆ వారంలోనే మా వీధికి ఏఎన్ఎం వచ్చింది. ఎన్నోసార్లు "మా ఇంట్లో దోమల్లేవు" అని నేను గేటు దగ్గరి నుంచే పంపేసిన అమ్మాయి. కూలర్ అడుగున టార్చి వేసి చూపించింది. తలకిందులుగా వేలాడుతూ, మెలికలు తిరుగుతూ ఎన్ని పురుగులో! "పారబోస్తే చాలదమ్మా, పీచుతో రుద్దాలి. గుడ్లు అంచుకు అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి చావవు." ఇప్పుడు మా ఇంట్లో శుక్రవారం దీపం పెట్టేముందే కూలరూ, కుండీ పళ్లేలూ రుద్దుతున్నాం.

నెల తర్వాత పండ్లు తీసుకుని ఆ వార్డుకు వెళ్లాను. ఆమె నా చేతిలోని సంచీ అందుకోలేదు. ముందు నా చెయ్యి పట్టుకుని, గోరు నొక్కి చూసింది.