దుత్తలూరులో దిగిన షటిల్

కావలిలో ఉదయగిరి బస్సు ఎక్కేటప్పటికే మనసేం బాగాలేదు. అక్క వాళ్ళింటి నుంచి బస్టాండుకి ఆటోకి 80 రూపాయలయ్యాయి. హైదరాబాద్‌లో కూడా అంత కాస్త దూరానికి అంత అడగరు. పల్లెవెలుగులో ఆడవాళ్ళందరూ ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకుంటుంటే, నాది తెలంగాణ ఆధార్ కాబట్టి డబ్బులిచ్చి కొనుక్కున్నాను. పుట్టింది ఈ జిల్లాలోనే కదా అని కొంచెం బాధేసింది. సీటు మాత్రం దొరికింది, వెనక చక్రం మీద.

అసలు దిగులు వేరే. రెండు రోజులు కూర్చుని అక్క కూతురికి టాటింగ్ అనే లేసు అల్లిక నేర్పాను. ఒక్క రింగు కూడా మూసుకోలేదు.

లేసు అనగానే మనవాళ్ళు నర్సాపురం అంటారు. 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన ఆ లేసు కొక్కెం సూదితో అల్లే క్రోషియా. టాటింగ్‌కి కొక్కెంతో పనిలేదు. అరచేతిలో పట్టే పడవలాంటి షటిల్, దానికి చుట్టిన దారం, అంతే. ఎడమ చేతి వేళ్ళ చుట్టూ దారం వలయంగా వేసుకుని, షటిల్‌ని ఒకసారి దాని కింద నుంచి, ఒకసారి పై నుంచి పోనిస్తే రెండు సగాలూ కలిసి ఒక ముడి. అలాంటి ముడులు వరసగా వేస్తూ, మధ్యలో పికో అనే చిన్న చిన్న ఉచ్చులు వదులుతూ పోయి, చివర్లో షటిల్ దారం లాగితే ముడులన్నీ జరిగి గుండ్రంగా రింగు మూసుకోవాలి.

కిటుకంతా ఒక్క చోటే ఉంది. షటిల్ దారంతో వేసిన ముడి, లాగిన ఆ క్షణంలో ఎడమ చేతి దారానికి మారాలి. మారకపోతే బిగుసుకుపోతుంది, ఇక కదలదు. ఇది పట్టుబడటానికి నాకు నెల పట్టింది. పాపకి ఎన్ని రకాలుగా చెప్పినా "ఏది దేని మీదికి మారాలి పిన్నీ?" అని అదే అడిగేది. కత్తెరతో కోసి పారేసిన ముక్కలతో ఒక గిన్నె నిండింది. రెండో రోజు రాత్రి గొంతు పెంచాను కూడా. పొద్దున నేను బయల్దేరేసరికి అది లేవలేదు. మెలకువగానే ఉండి లేవలేదేమో అని దారంతా అనిపిస్తూనే ఉంది.

నా పక్కన కూర్చున్న పెద్దమ్మ కావలి మార్కెట్లో మల్లెమొగ్గలు కొని దుత్తలూరు తీసుకెళ్తోంది. బస్సు కదలగానే దారం కొస ముందు సీటు కడ్డీకి కట్టేసి, ఒళ్ళో తడిగుడ్డ పరిచి, మాల కట్టడం మొదలుపెట్టింది. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు పెట్టి ఎడమ బొటనవేలితో నొక్కి పట్టేది. కుడి చేతి వేళ్ళు తిప్పి దారం ఉచ్చుచేసి కాడల మీదికి జార్చి లాగేది. బస్సు గుంతల్లో ఎగిరిపడుతున్నా ఒక్క కాడ తెగలేదు. మా అమ్మమ్మ అరటినార నీళ్ళలో నానబెట్టి ఇట్లాగే కట్టేది. ఆ తడి నార వాసన గుర్తొచ్చింది.

వింజమూరు వచ్చేసరికి నేనూ షటిల్ తీశాను.

"ఏంది పాపా అది, నాడె మాదిరుండాది?"

మగ్గం మీద దారాన్ని అటూ ఇటూ పోనిచ్చేదే నాడె. వాళ్ళమ్మ వాళ్ళది మగ్గాల ఇల్లట. చెప్పాను, చూపించాను. షటిల్ చేతిలోకి తీసుకుని మొదటి రెండు ముడులు ఆమె కూడా బిగించేసింది. నేను నోరు తెరిచేలోపే, "ఉండు ఉండు" అని దారాన్ని అటూ ఇటూ లాగి చూసింది.

"నాడె దారం పూలకాడ అనుకో. కాడ వంగకూడదు, నిటారుగా ఉండాల. చుట్టుకోవాల్సింది ఎడం చేతి దారం. అంతే గదా?"

అంతే. మూడో ముడికి ఎడమ చేతి వేళ్ళు వదులు చేసి, షటిల్ దారం బిర్రుగా లాగింది. ముడి టక్కున అటు మారింది. ఇరవై ముడులయ్యాక లాగితే రింగు మల్లెమొగ్గంత అయి మూసుకుంది. నేను నెల రోజులు తిప్పలు పడ్డ పని ఆమెకి రెండు ఊళ్ళ మధ్య అయిపోయింది. నాకు అసూయ కలగలేదు. ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ నేను ముడి ఎట్లా వేయాలో చెబుతూ వచ్చాను. ఏ దారం కాడో ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఇటాలియన్ భాషలో టాటింగ్‌కి కియాకియెరీనో అని పేరు, కబుర్లు చెప్పుకోవడం అనే మాట నుంచి వచ్చింది. దుత్తలూరు దాకా మాకు కబుర్లే. "మా కోడలికి చూపిస్తా" అంటే షటిల్, 20 నంబరు దారం ఉండ ఇచ్చేశాను. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నమవుతుంది, మొదట్లో 40 జోలికి పోవద్దని చెప్పాను. ఆమె మూర మల్లెలు నా జడలో పెట్టి డబ్బులు వద్దంది.

తీరా నేను ఉదయగిరి వెళ్ళింది షటిల్ కోసమే! ఆన్‌లైన్‌లో చెక్క షటిల్ ధర కంటే పోస్టు ఖర్చే ఎక్కువ చూపిస్తోంది. దుర్గం కొండల నర్ది, బిక్కి కర్రతో గరిటెలు, ఫోర్కులు అంత నునుపుగా చెక్కే ఊళ్ళో షటిల్ చెక్కలేరా అని బయల్దేరాను. చూపించడానికి నమూనా లేదు, కాగితం మీద గీశాను. మధ్యలో చిన్న దిమ్మె, పైనా కిందా రెండు రేకులు, రెండు కొసలూ ఒకదాన్నొకటి తాకుతూ ఉండాలి. గరిటెలకి గరుకు కాగితం రుద్దుతున్న అమ్మాయిలు నలుగురూ చుట్టూ చేరారు. రెండు గంటల్లో చేసిచ్చారు. 200 అడిగారు, బేరమాడలేదు. ఒక కొస దగ్గర సందు ఎక్కువై దారం జారిపోతోంది కానీ, చేతిలో ఎంత హాయిగా ఉందో. కోట ఎక్కలేదు. కృష్ణదేవరాయలు 1514లో గెలిచిన కోట అట్లాగే ఉంటుంది, మళ్ళీ వెళ్తాను.

తిరుగు బస్సు కోసం నిలబడి పాపకి ఫోన్ చేశాను. ముందు రాత్రి అరిచినందుకు సారీ చెప్పాను. తర్వాత పూలకాడ మాట చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఆగు పిన్నీ" అని ఫోన్ ఎక్కడో పెట్టేసింది. అవతల షటిల్ కొసల్లోంచి దారం విప్పుతున్న టక్ టక్ చప్పుడు వినపడుతోంది. బస్సు వచ్చింది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఎక్కాను.